షోరూంలో చూసిన బొమ్మ ఇంటికి రాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంటికి ఫ్లాట్ టీవీ ఎలా ఎంచుకోవాలి అని ఒక పేజీ వేశారు కదా, అది మా ఇంట్లో ముగ్గురం చదివాం. చదివాక మా బావ ఫోన్ చేసి "బామ్మర్దీ, ఇందులో 4కె అన్నారు, 120 హెర్ట్జ్ అన్నారు, 10 లక్షలకి 1 కాంట్రాస్ట్ అన్నారు, అంతా బానే ఉంది, ఇంతకీ నేనేం కొనాలి" అన్నాడు. అప్పుడే అనుకున్నా మీకు ఉత్తరం రాయాలని. పేజీ నిండా అంకెలున్నాయి గానీ సోఫాకీ గోడకీ మధ్య ఎన్ని అడుగులుందో కొలుచుకోండి అన్న ఒక్క ముక్క ఎక్కడా లేదండీ.

నేను టీవీ మెకానిక్‌ని. వెనక్కి మూరెడు పొడుచుకొచ్చిన డబ్బా టీవీల రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నా. మధ్యలో ప్లాస్మాలు వచ్చాయి, పోయాయి, పానాసోనిక్ అంతటోళ్ళు కూడా 2013 చివర్లో ప్లాస్మా ప్యానెళ్ళు చెయ్యడం మానేశారు, ఇప్పుడంతా ఎల్‌సీడీ లేకపోతే ఓలెడ్, వాటి సంగతి కింద చెప్తా. ఈమధ్య రిపేర్‌కి పిలిచేవాళ్ళ కంటే కొనేముందు ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే, "అన్నా ఏ కంపెనీ మంచిది" అని. నేను తిరిగి అడుగుతా, ఎంత దూరంలో కూర్చుని చూస్తారు, ఆ రూంలో పగలు వెలుతురు ఎలా ఉంటది, రోజూ ఏం చూస్తారు అని. "అవన్నీ ఎందుకన్నా, కంపెనీ పేరు చెప్పు చాలు" అంటారు. కాలు చూపించకుండా చెప్పుల సైజు అడిగినట్టు ఉంటది.

ముందు సైజు సంగతి. టీవీ అంగుళాలు అంటే మూల నుంచి మూలకి ఐమూలగా కొలిచేది, వెడల్పు కాదు. 55 అంగుళాల టీవీ అంటే బొమ్మ వెడల్పు సుమారు 48 అంగుళాలు, ఎత్తు 27. ఇది తెలీక షోకేసులో గూడు 55 ఉందని 55 టీవీ తెచ్చుకుని పక్కన జానెడు ఖాళీ వచ్చిందని బాధపడ్డ ఇల్లూ చూశా, స్టాండు కాళ్ళు బల్ల దాటి గాల్లో వేలాడిన ఇల్లూ చూశా. కాళ్ళ మధ్య దూరం విడిగా రాసుంటది, అది ఎవరూ చూడరు. ఇంకోటి చెప్తా, పాత 29 అంగుళాల డబ్బా టీవీ తీసేసి 32 అంగుళాల ఫ్లాట్ టీవీ పెట్టుకుంటే బొమ్మ పెద్దదవుతుందనుకుంటారు కదా, పక్కలకి పెరుగుతుంది గానీ ఎత్తు కాస్త తగ్గుతుంది. అప్పటి బొమ్మ 4కి 3, ఇప్పటిది 16కి 9, అందుకని. "పెద్ద టీవీ తెచ్చావు, మనుషులేంటి పొట్టిగా అయ్యారు" అని ముసలాయన కొడుకుని దులపడం నా చెవులారా విన్నా, అందులో ఆయన తప్పేం లేదు.

దూరానికి ఒక లెక్కుంది. సినిమా, టీవీ ఇంజినీర్ల సంస్థ ఎస్ఎంపీటీఈ చెప్పే 30 డిగ్రీల లెక్క అది, తెర మన కంటికి ఆ మాత్రం కోణంలో నిండాలంట. కోణాలు మనకెందుకు గానీ, కూర్చునే దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగించండి, టీవీ సైజు దగ్గర్లోకి వస్తది. 6 అడుగులంటే 72 అంగుళాలు, భాగిస్తే 45, అంటే 43 టీవీ సరిపోతది. 8 అడుగులైతే 60 వస్తది, 55 తీస్కోవచ్చు, 65 కూడా తీస్కోవచ్చు. ఇక్కడ 55కీ 65కీ తేడా పదే కదా అనుకోకండి, తెర విస్తీర్ణం దాదాపు 40 శాతం పెరుగుతుంది. అందుకే నేను చెప్పేదేంటంటే పాత పేపర్ షీట్లు తీస్కుని, ఆ టీవీ వెడల్పు ఎత్తు కొలిచి, గోడకి అతికించి రెండు రోజులు అలాగే ఉంచి చూడండి. లైటు స్విచ్‌కి అడ్డమొస్తుందా, తలుపు తీస్తే తగులుతుందా, మెడ ఎత్తాల్సి వస్తుందా అన్నీ పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతాయి. మెడ సంగతి ముఖ్యం. ఫోటో ఫ్రేము తగిలించినంత ఎత్తులో టీవీ కొట్టించుకుంటారు చాలామంది, కూర్చుంటే కళ్ళు తెర మధ్యకి ఉండాలి గానీ తెర కింది అంచు నెత్తి మీదుంటే రెండు గంటల సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తది. గోడకి ఒకసారి బెజ్జాలు పడ్డాక కిందికి దించమంటే ఎవరూ ఒప్పుకోరు కూడా.

ఇక హెచ్‌డీ, ఫుల్ హెచ్‌డీ, 4కె. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదండీ, తెర మీద ఎన్ని చుక్కలున్నాయి అన్నదే. హెచ్‌డీ అంటే 1280 అడ్డం, 720 నిలువు. చిన్న టీవీల్లో హెచ్‌డీ రెడీ అని వచ్చే ప్యానెళ్ళలో ఎక్కువ 1366కి 768. ఫుల్ హెచ్‌డీ 1920కి 1080, 4కె అంటే 3840కి 2160, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. పైన 8కె కూడా ఉంది, 7680కి 4320, జపాన్‌లో ఎన్‌హెచ్‌కే టీవీ వాళ్ళు 2018 డిసెంబర్ నుంచి అందులో ఒక ఛానలే నడుపుతున్నారు, మన ఇళ్ళలో మాత్రం అందులో పెట్టి చూడ్డానికి సరుకు లేదు, దాని జోలికి పోవద్దు.

అయితే చుక్కలు ఎక్కువైతే బొమ్మ బాగుంటుందా అంటే, ఆ చుక్కలు మన కంటికి విడివిడిగా ఆనే దూరంలో ఉంటేనే. మామూలు చూపున్న మనిషికి 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు సుమారు 7 అడుగులు దాటితే కలిసిపోతాయి, 43 అయితే అయిదున్నర అడుగులు, 32 అయితే 4 అడుగులే. అంటే 10 అడుగుల అవతల మంచం మీద పడుకుని 43 అంగుళాల 4కె చూసేవాళ్ళు ఫుల్ హెచ్‌డీనే చూస్తున్నారన్నమాట. అలాగని 4కె వద్దనను, ఇప్పుడు 43, ఆ పైన మంచి ప్యానెళ్ళు దాదాపు అన్నీ 4కెలోనే వస్తున్నాయి, ఎలాగూ అదే వస్తది తీస్కోండి. కాకపోతే 4కె అన్న ఒక్క అక్షరం చూసి సరే అనేసి మిగతావన్నీ వదిలెయ్యొద్దు అంటున్నా.

మీ పేజీలో అసలు రాని విషయం ఒకటుంది, టీవీలోకి ఏం పోస్తున్నాం అన్నది. పాత ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కాని మామూలు ఛానల్ బొమ్మలో ఉండేది 720కి 576, అంటే నాలుగు లక్షల చిల్లర చుక్కలు. 4కె తెరలో దాదాపు 83 లక్షలు. లెక్కేసి చూడండి, ఒక్క చుక్కని టీవీ 20 చుక్కలు చేసి పరవాలి. లేనిది పుట్టించాలంటే ఊహించుకోవాల్సిందే కదా, టీవీలో ఉన్న ప్రాసెసర్ చేసేది అదే, మంచి ప్రాసెసర్ అయితే కాస్త పద్ధతిగా ఊహిస్తది, నాసిరకంది అయితే మొహాలు మైనం ముద్దల్లా కనిపిస్తాయి. మీ ఇంట్లో రోజంతా నడిచేది ఎస్‌డీ ఛానల్సే అయితే షాపులో అదే పెట్టించి చూడండి. వాళ్ళు పెట్టే పూలూ సముద్రం చేపల వీడియో చూసి ఏం లాభం, ఇంట్లో రోజూ చేపలు చూస్తామా.

ఒకసారి ఒకరింటికి పిలిచారు, కొత్త 4కె టీవీ, వారం కాలేదు, "బొమ్మ మసకగా ఉందండీ, ప్యానెల్ పోయిందేమో" అని. వెళ్ళి వెనక చూస్తే సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి ఎరుపు తెలుపు పసుపు వైర్లు, పాత టీవీకి ఉన్నవే పీకి దీనికి పెట్టుకున్నారు. ఆ పసుపు వైరులోంచి హెచ్‌డీ బొమ్మ రమ్మన్నా రాదు. బాక్సుతో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ కవర్ కూడా విప్పకుండా సొరుగులో ఉంది. అది పెట్టి, బాక్సు సెట్టింగుల్లోకి పోయి 576 ఉన్నదాన్ని 1080 చేశా, అంతే, ఆ ఇంటి పెద్దావిడ "అయ్యో, ఈ యాంకరమ్మకి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందా" అంది. ఈ పనికి నేను డబ్బులేం తీస్కోలేదు, టీ తాగి వచ్చేశా. ఇలాంటివి ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో. కేబుల్ అంటే గుర్తొచ్చింది, బంగారు పూత కేబుల్ అని షాపులో అంటగడతారు, రెండు మూడు మీటర్ల దూరానికి మామూలు మంచి కేబుల్ చాలు, హెచ్‌డీఎంఐలో పోయేది డిజిటల్ సిగ్నల్, వస్తే వస్తది లేకపోతే మెరుపులొస్తాయి లేదా పూర్తిగా పోతది, ఖరీదైన కేబుల్‌కి రంగులు పెరగడం అంటూ ఏమీ లేదు.

ఇప్పుడు ప్యానెల్. ఎల్ఈడీ టీవీ అని అందరం అంటాం, అది ఎల్‌సీడీనే. నమ్మకపోతే నా దగ్గరికి రండి, సౌండ్ వస్తుంది బొమ్మ రావట్లేదు అని వచ్చే టీవీలు వారానికి ఒకటైనా ఉంటాయి. లైట్లార్పి ఫోన్ టార్చి తెరకి ఆనించి పట్టుకుని చూస్తే, లోపల బొమ్మ కదులుతూనే ఉంటది, నీడలాగా, మనుషులు మాట్లాడుతుంటారు. అంటే బొమ్మ ఉంది, వెనకాల దీపం ఆరిపోయింది. ఆ దీపాన్నే బ్యాక్‌లైట్ అంటాం, అవి చిన్న చిన్న ఎల్ఈడీ బల్బులు, ముందు కాలంలో సన్నటి ట్యూబులుండేవి, ట్యూబులు తీసి ఎల్ఈడీలు పెట్టాక టీవీ పేరే మార్చేశారు.

ఈ దీపాలు ఎక్కడున్నాయన్న దాని మీదే సగం బొమ్మ ఆధారపడి ఉంటది. కొన్నిటికి అంచుల్లో మాత్రమే ఉంటాయి, టీవీ పల్చగా అందంగా ఉంటది, రాత్రి సీన్ వస్తే మూలల్లో తెల్లగా వెలుతురు కారుతుంటది. కొన్నిటికి వెనకంతా పరుస్తారు. ఇంకాస్త మంచివాటిల్లో ఆ పరిచినవాటిని గడులు గడులుగా విడదీసి, చీకటున్న చోట ఆర్పి వెలుతురున్న చోట వెలిగిస్తారు, దాన్ని లోకల్ డిమ్మింగ్ అంటారు. మినీ ఎల్ఈడీ అంటే ఆ బల్బులే ఇంకా చిన్నవి, ఇంకా ఎక్కువ, గడులూ ఎక్కువే. గడులు తక్కువైతే నల్లటి ఆకాశంలో చందమామ చుట్టూ పొగలాగా వస్తది, చూడండి కావాలంటే. క్యూలెడ్ అని ఇంకోటి, అదీ ఎల్‌సీడీనే, నీలం రంగు దీపాల ముందు క్వాంటమ్ డాట్స్ అని వెలుతురు రంగు మార్చే అతి సన్నటి రేణువుల పొర ఒకటి పెడతారు, ఎరుపు పచ్చ రంగులు శుద్ధంగా వస్తాయి. ఈ క్వాంటమ్ డాట్స్ కనిపెట్టినందుకు 2023లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు ముగ్గురికి, కాబట్టి అది ఉత్త గాలి కబురు కాదు, కానీ పేరులో క్యూ ఉంది కదా అని లోకల్ డిమ్మింగ్ కూడా ఉంటదనుకోవద్దు, ఉందో లేదో విడిగా అడగాలి.

ఓలెడ్ సంగతి వేరు. అందులో వెనక దీపం లేదు, ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతది, ఆరిపోతది, నలుపంటే అసలైన నలుపు. చీకటి గదిలో సినిమా చూసేవాళ్ళకి దాని తర్వాతే ఏదైనా, ఈ మాట నేను మొహమాటం లేకుండా చెప్తా. కానీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒకే న్యూస్ ఛానల్ పెట్టుకునే ఇంటికి మాత్రం వద్దంటా, ఎందుకంటే ఆ మూల లోగో, కింద పరిగెత్తే స్క్రోలింగ్ పట్టీ, ఏళ్ళ తరబడి ఒకే చోట వెలిగితే ఆ చుక్కలు మిగతావాటికన్నా ముందు అరిగిపోతాయి, తర్వాత సినిమా పెట్టినా ఆ లోగో దెయ్యంలా కనిపిస్తది. ఇప్పటి టీవీలు బొమ్మని కాస్త కాస్త జరుపుతూ, లోగో దగ్గర వెలుతురు తగ్గిస్తూ జాగ్రత్త పడతాయి, అయినా వాడకం ఎలాంటిదో చూసుకోవాలి కదా. ఎండ పడే హాలుకి కూడా మంచి వెలుతురిచ్చే ఎల్‌సీడీనే నా ఓటు.

ఎల్‌సీడీల్లో మళ్ళీ రెండు జాతులు, వీఏ, ఐపీఎస్ అని. వీఏ ఎదురుగా కూర్చుంటే నలుపు బాగుంటది, పక్కకి జరిగితే రంగు వెలిసిపోతది. ఐపీఎస్ పక్క నుంచి చూసినా రంగు మారదు, కానీ చీకట్లో నలుపు బూడిద రంగుగా ఉంటది. కాంట్రాస్ట్ అంటే తెర చూపించే తెలుపు నలుపు కన్నా ఎన్నింతలు వెలుగుతదో ఆ లెక్క, మామూలుగా ఐపీఎస్‌ది 1000కి 1 దగ్గర ఉంటే వీఏది 3000, ఆ పైన ఉంటది, మీరు వేసిన 10 లక్షలకి 1 అన్నది వెనక దీపం మొత్తం ఆర్పేసి కొలిచే డైనమిక్ లెక్క, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. హాలులో నలుగురూ నాలుగు మూలల కూర్చుని చూసే ఇల్లయితే ఐపీఎస్, ఎదురుగా ఒక్క సోఫా అయితే వీఏ. ఏది ఏ జాతో డబ్బా మీద రాయరు, షాపులో పక్కకి నడుచుకుంటూ పోయి చూస్తే మీకే తెలుస్తది.

ఇన్ని చెప్పే నేనే ఒకసారి బోర్లా పడ్డా, అది కూడా చెప్పుకోవాలి. మా ఇంటికే టీవీ కొనడానికి మా ఆవిడా నేనూ షోరూంకి వెళ్ళాం. గోడ నిండా టీవీలు, అందులో ఒకటి మిగతావన్నీ వెలవెలబోయేలా మెరిసిపోతోంది, చిలక రెక్కలు ఒక్కో ఈకా లెక్కపెట్టొచ్చు. మా ఆవిడ అదే అంది, నేనూ ఊఁ అన్నా, ఇన్నేళ్ళ సర్వీసూ ఎటుపోయిందో. తీరా ఇంట్లో బిగించాక మొహాలు నీలంగా, గడ్డి విషంలా పచ్చగా, పగలు చూస్తే ఎదురు కిటికీ చువ్వలన్నీ తెర మీదే. మా ఆవిడ కాసేపు చూసి "షాపులో ఉన్నది చూపించి వేరేది కట్టిచ్చారేమో, వెళ్ళి అడుగు" అంది. వేరేది కాదు, అదే టీవీ. షాపులో దానికి స్టోర్ మోడ్ పెడతారు, అంటే వెలుతురు, రంగు రెండూ చివరిదాకా తిప్పేసి ఉంటాయి, ఎవరైనా తగ్గించినా కాసేపటికి మళ్ళీ అదే పైకి పోతది. పైన ట్యూబ్‌లైట్ల వెలుగులో పక్క టీవీల మీద గెలవాలి కదా. నేనది తెలిసీ ఇంటికి తెచ్చి, బద్ధకించి మూడ్రోజులు వివిడ్ మోడ్‌లోనే చూశా. నాలుగోరోజు సినిమా మోడ్‌లోకి మార్చి, కలర్ టోన్ వార్మ్ చేశా, మొదట్లో పసుపుగా అనిపించింది, రెండ్రోజులకి కళ్ళు అలవాటు పడ్డాయి, ఇప్పుడు వేరేవాళ్ళింట్లో టీవీ చూస్తే అన్నీ నీలంగానే కనిపిస్తున్నాయి. కిటికీ చువ్వలు మాత్రం ఏ మోడ్‌లోనూ పోలేదు, చివరికి టీవీనే పక్క గోడకి మార్చా, పాత గోడకి నాలుగు బెజ్జాలు మిగిలాయి, మా ఆవిడ వాటికి క్యాలెండర్ తగిలించింది.

అందుకే కొనడానికి వెళ్ళేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన వీడియో ఒకటి వేసుకెళ్ళండి, ఒక చీకటి సీను, ఒక మనిషి మొహం దగ్గరగా ఉన్న సీను ఉండాలి. మోడ్ సినిమాలోకో ఫిల్మ్‌మేకర్‌లోకో మార్పించి చూడండి. తర్వాత టీవీ ఆపెయ్యమని ఎదురుగా నిలబడండి, మీ మొహం అద్దంలో ఉన్నట్టు కనిపిస్తుంటే కిటికీ ఎదురుగోడకి అది పనికిరాదు. సేల్స్ కుర్రాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

హెర్ట్జ్ గురించి, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క. సినిమాలు ఎక్కువ భాగం సెకనుకి 24 ఫ్రేముల్లో, అంటే 24 విడి బొమ్మల్లో తీస్తారు. టీవీ మధ్యలో తనే కొన్ని ఫ్రేములు పుట్టించి ఇరికిస్తది, మోషన్ స్మూతింగ్ అంటారు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. దాంతో కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా డైలీ సీరియల్‌లా జారిపోతుంటది. దీని మీద 2018లో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ ఒక వీడియో పెట్టి మరీ ఆపుకోండి బాబూ అన్నాడు, ఆ తర్వాత ఏడాదే ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ప్రకటించారు, అది నొక్కితే ఇదంతా ఆగిపోతది. ఆటలు చూసేవాళ్ళకి కొద్దిగా ఉంచుకుంటే బంతి తోక లేకుండా కనిపిస్తది, అది వాళ్ళిష్టం. డబ్బా మీద మోషన్ రేట్ 240 అని రాస్తే మోసపోవద్దు, ప్యానెల్ అసలు రేటు 60 ఆ 120 ఆ అని అడగండి, తక్కువ ధర టీవీల్లో మామూలుగా 60 ఏ. వీడియో గేములు ఆడే పిల్లలుంటే 120 ప్యానెల్, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు చూసుకోవాలి, లేనివాళ్ళకి దాని మీద డబ్బు పెట్టే పనే లేదు.

హెచ్‌డీఆర్ అంటే వెలుతురునీ చీకటినీ మామూలు కన్నా ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి, అది ఇంకా గమ్మత్తు. ఆ బొమ్మలో వెలుతురు కనీసం 1000 నిట్స్ (నిట్ అంటే తెర వెలుతురుకి కొలత) దాకా పోతుందని అనుకుని తయారుచేసినవి చాలా ఉంటాయి, దాన్ని తెచ్చి 250, 300 నిట్స్ మించి వెలగలేని టీవీలో పెడితే ఏమవుతది, మామూలు బొమ్మ కన్నా మబ్బుగా కనిపిస్తది. డబ్బా మీద మాత్రం హెచ్‌డీఆర్ 10, డాల్బీ విజన్, హెచ్ఎల్‌జీ అని వరసగా స్టిక్కర్లు. స్టిక్కరు అబద్ధం కాదు, ఆ సిగ్నల్ తీస్కుంటది, చూపించే సత్తా లేదంతే. చిన్న గిన్నెలో బిందెడు నీళ్ళు పోసినట్టు. ప్యానెల్ 8 బిట్‌ఆ 10 బిట్‌ఆ అన్నది కూడా ఇక్కడే పనికొస్తది, 8 బిట్ అంటే 1.67 కోట్ల రంగులు, 10 బిట్ అంటే 107 కోట్లు, సాయంత్రం ఆకాశం చూపించినప్పుడు పట్టీలు పట్టీలుగా విడిపోయిందంటే 8 బిట్ అని అనుమానపడొచ్చు.

సౌండ్ ఏముంది, పల్చటి టీవీలో స్పీకర్ కిందకో వెనక్కో తిరిగి ఉంటది, మాటలు గోడకి చెప్పినట్టే. సౌండ్‌బార్ పెడతారు కాబట్టి ఈఆర్క్ అని రాసున్న పోర్టు (టీవీ సౌండ్‌ని సౌండ్‌బార్‌కి పంపేది) ఉందో లేదో చూసుకోండి, మొత్తం హెచ్‌డీఎంఐ పోర్టులు మూడన్నా ఉండాలి.

స్మార్ట్ అన్న మాటకి నేను పెద్ద విలువివ్వను. ప్యానెల్ పదేళ్ళు బతకొచ్చు, లోపలి సాఫ్ట్‌వేర్ నాలుగైదేళ్ళకే నత్తలా పాకుతది, కొత్త యాప్‌లు రానంటాయి. అప్పుడు టీవీ మార్చక్కర్లేదు, వెనక ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చుకుంటే సరి. నెట్ సంగతి కూడా చూసుకోండి, 4కెలో రావాలంటే 15 ఎంబీపీఎస్ స్పీడు ఉండాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెప్తారు, అది లేని ఇంట్లో 4కె టీవీ 4కె చూపించదు. ఇంకోటి, మనం టీవీ చూస్తుంటే కొన్ని టీవీలు మనల్ని చూస్తాయి, ఏం చూస్తున్నామో పట్టేసి కంపెనీకి పంపుతాయి. అమెరికాలో విజియో అనే కంపెనీ ఇలాగే చేసిందని 2017లో 22 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. కొత్త టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒప్పుకుంటున్నా ఒప్పుకుంటున్నా అని గబగబా నొక్కేస్తాం చూడండి, అక్కడే ఉంటది అది. ప్రైవసీ సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు.

మెకానిక్‌గా ఒక మాట. నా దగ్గరికొచ్చే టీవీల్లో పిడుగులూ కరెంటూ పక్కన పెడితే ఎక్కువ బ్యాక్‌లైట్ పోయినవే, వాటిల్లో చాలావాటికి బ్యాక్‌లైట్ కొన్నరోజు నుంచీ 100లోనే ఉంటది, ఎవరూ తగ్గించరు. రాత్రిళ్ళు 40, 50 చాలు, కళ్ళకీ మంచిది బల్బులకీ మంచిది. ఇక పగిలిన తెర. వారంటీ ఉంది కదా అని వస్తారు, పగిలితే వారంటీ రాదు, కొత్త ప్యానెల్ వేయిస్తే టీవీ ధరలో చాలా భాగం దానికే పోతది, ఆ మాట చెప్పడానికే నాకు నోరు రాదు. ఆటో వెనక సీట్లో పరుపులా పడుకోబెట్టి తెస్తారు, టీవీని ఎప్పుడూ నిలబెట్టే తేవాలి, పడుకోబెడితే గతుకుల్లో దాని బరువుకి అదే విరుగుద్ది. డెలివరీ మనిషి ఇంకా గుమ్మం దాటకముందే ఆన్ చేసి తెల్ల బొమ్మ ఒకటి, నల్ల బొమ్మ ఒకటి పెట్టి చుక్కలూ గీతలూ ఏమన్నా ఉన్నాయేమో చూడండి. తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ చాలు, అద్దాలు తుడిచే స్ప్రేలు కొట్టొద్దు, పై పూత లేచిపోతది.

ఎడిటర్ గారూ, ఇంత పొడుగు ఉత్తరం మీరు వేస్తారో లేదో తెలీదు, కత్తిరించి వేసినా సంతోషమే. నేను కోరేది చిన్నదే. మళ్ళీ టీవీల పేజీ వేసేటప్పుడు ఆ పట్టికలో డైనమిక్ కాంట్రాస్ట్, మోషన్ రేట్ గడులు తీసేసి వాటి బదులు ప్యానెల్ వీఏనా ఐపీఎస్సా, ఎన్ని నిట్స్ వెలుగుతది, లోకల్ డిమ్మింగ్ ఉందా, అసలు హెర్ట్జ్ ఎంత, ఎన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ ఇస్తామన్నారు, ఇవి కంపెనీల్ని అడిగి వెయ్యండి. మేం అడిగితే చెప్పరు, మీరడిగితే చెప్తారు. చెప్పని కంపెనీ గడిలో చెప్పలేదు అని వేసెయ్యండి.

మా బావకి చివరికి 55 వీఏ ప్యానెల్, లోకల్ డిమ్మింగ్ ఉన్నది చెప్పా. ఆయనకి 65 మీదే మనసు, అదే ధరలో అంచుల్లో దీపాలున్న 65 వస్తుందని వాదించాడు. ఆయన సోఫా 7 అడుగుల్లో ఉంది, ఆయనకి రాత్రి సినిమాలిష్టం, పది అంగుళాలు వదులుకుని నలుపు తీసుకోమన్నా. ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఇట్లు,
మీ పేపర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే ఒక టీవీ మెకానిక్

తా.క.: గోడకి పేపర్ షీట్లు అతికించమన్నా కదా, అచ్చున్న వైపు గోడకి ఉండేలా అతికించుకోవడం మేలు. మా బావ అతికించిన వాటిల్లో మీ ఆదివారం కథ ఉంది, వచ్చినవాళ్ళంతా గోడ దగ్గర నిలబడి చదువుతున్నారు, సోఫాలో కూర్చుని ఎలా ఉందో చూసేవాడు ఒక్కడూ లేడు.